ప్రైవేటు ఆరోగ్య బీమా (భారతదేశం)

ప్రీమియం చెల్లించిన వ్యక్తికి లేదా కుటుంబానికి ఆసుపత్రి ఖర్చును నిర్ణీత మొత్తం మేరకు భరించే ఒప్పందం. ప్రభుత్వ రంగ సంస్థలు 1986లో మెడిక్లెయిమ్ పేరుతో ఆరంభించాయి. 1999 బీమా నియంత్రణ చట్టం ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది.

కొనేవారు ఎక్కువగా ప్రీమియం, పాలసీ మొత్తం మాత్రమే పోల్చుకుంటారు. అంతకంటే ముందు చూడవలసింది గది అద్దె పరిమితి. రోజుకు రూ. 5,000 పరిమితి ఉన్న పాలసీతో రూ. 10,000 గదిలో చేరితే, కోత అద్దెతో ఆగదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల వంటివాటిలోనూ సగమే చేతికి రావచ్చు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు, ఐసీయూ ఛార్జీలకు ఈ కోత వర్తించకూడదు. గది పరిమితి లేని పాలసీకి కాస్త ఎక్కువ కట్టినా మేలే.

ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు సాధారణంగా క్లెయిమ్ ఉండదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం 2024 నిబంధనల ప్రకారం గరిష్ఠంగా 36 నెలలు. కంటి శుక్లం, హెర్నియా, మోకీలు మార్పిడి వంటి చికిత్సలకూ విడిగా గడువు ఉండవచ్చు. షుగరు, బీపీ ఉన్నట్టు దరఖాస్తులో తప్పక రాయాలి: దాచిన జబ్బు బయటపడితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. 60 నెలలు ఎడతెగకుండా కొనసాగిన పాలసీని మాత్రం, మోసం రుజువైతే తప్ప, ఈ కారణంతో ప్రశ్నించలేరు.

నచ్చని కొత్త పాలసీని పత్రం అందిన 30 రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చు. కంపెనీకి చేసిన ఫిర్యాదు తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది.