కొలువులో మనస్సు

శంషాబాదు విమానాశ్రయమునకు చేరువనున్న మహేశ్వరములో శివగంగ యను కోనేరును, రాజరాజేశ్వరస్వామి ఆలయమును కలవు. ఈ ఆలయమును గోలకొండ మంత్రులగు అక్కన్న మాదన్నలు కట్టించిరని చెప్పుదురు. ఆ సోదరుల పేరు గుడికే గాక ఒక కచేరికిని నిలిచినది. గోలకొండ కోటను చూడబోయినవారికి శిథిలమైన ఒక కట్టడమును చూపి, “ఇది అక్కన్న మాదన్నల కచేరి” అందురు. అచ్చట వ్రాసిన లెక్కలు పన్నులకు సంబంధించినవి. అచ్చట పనిచేసినవారి అసూయలకు, భయములకు, అలుకలకు లెక్క వ్రాసినవారు లేరు. కాని ఆ మంత్రుల కథను చదివినచో, వ్రాయని ఆ లెక్కయే చివరకు బరువైనదని తోచును.

1672 వ సంవత్సరములో అబ్దుల్లా కుతుబ్ షా మరణింపగా, ఆయన అల్లుడు అబుల్ హసన్ సింహాసనమెక్కెను. తెలుగువారు తానీషా అని పిలుచుకొను ప్రభువు ఈయనయే. ఈయనకు గద్దె దక్కుటకు తోడ్పడినవారిలో ముఖ్యుడు సయ్యద్ ముజఫర్. ప్రధానపదవి ఆయనకు లభించెను. దానితోపాటు పెత్తనమును పెరిగెను. తన్ను నిలబెట్టినవాని చేతిక్రింద నిలబడియుండుట ఏ మనుష్యునకైనను కష్టమే. రాజునకు మరింత కష్టము. ఆ విసుగును కనిపెట్టినవాడు ముజఫర్ కొలువులోనే ఉద్యోగియైన మాదన్న. కొలదికాలములోనే ముజఫర్ బలము సడలెను, ఆయన తొలగింపబడెను. 1674 నాటికి మాదన్న ప్రధాని యయ్యెను. అనగా, ఒక మనుష్యుని మనఃస్థితిని సరిగా చదువుటయే ఆయన ఉన్నతికి తొలిమెట్టు.

మనస్సును చదువు విద్య మనదేశమునకు క్రొత్త కాదు. భరతముని నాట్యశాస్త్రములో ఎనిమిది స్థాయిభావములను, ముప్పదిమూడు వ్యభిచారిభావములను, ఎనిమిది సాత్త్వికభావములను లెక్కించెను. వ్యభిచారిభావములనే సంచారిభావములనియు అందురు. అవి అలలవలె వచ్చిపోవునవి. రంగస్థలము కొరకు చేసిన ఈ జాబితాను ఏ కచేరిలో పరచి చూచినను సరిపోవును. అసూయ అందున్నది. అమర్షమున్నది, అనగా అవమానము పొందినవాని సహింపరాని కోపము. అవహిత్థ యను మరియొక భావమున్నది. లోపలి భావము పైకి కనబడకుండ దాచుట అని దాని అర్థము. పై అధికారి యెదుట నిలిచిన ప్రతి ఉద్యోగికిని ఈ మూడవదానితో పరిచయముండును.

నేటి శాస్త్రజ్ఞులు మరియొక భేదము చెప్పుదురు. ఒకరి మాటకో చేతకో అప్పటికప్పుడు కలుగునది ఉద్వేగము. కారణము మరుగుపడినను చాలసేపు మనస్సును కమ్ముకొనియుండునది మనఃస్థితి. ఉద్వేగమునకు సమాధానము చెప్పవచ్చును. చెప్పనిచో అది మనఃస్థితియై, సంబంధము లేనివారి మీదికి కూడ ప్రాకును.

మాదన్న పండ్రెండేండ్లు రాజ్యభారము వహించెను. 1677 లో శివాజీ హైదరాబాదు వచ్చినపుడు కుదిరిన మైత్రి ఆయన రాజనీతికి గుర్తు. రాజస్వవ్యవహారములను ఆయన తన చేతిలోనికి తెచ్చుకొనెను. తన బంధువులను, తనకు నమ్మకమైనవారిని ఉద్యోగములలో నియమించెను. పని సాగెను. కాని పూర్వము ఆ అధికారములను అనుభవించిన ప్రభువర్గమునకు తమ చోటు పోయెనను బాధ మిగిలెను. పైకి సలాములు, లోపల అమర్షము. ఆ అమర్షమును వెళ్ళబోసికొనుటకు కచేరిలో చోటు లేకపోయెను.

1685 లో మొగలు సేనలు వచ్చిపడెను. సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం శత్రువులలో చేరిపోయెను. రాజు కోటలోనికి పోయెను, హైదరాబాదు నగరము దోపిడికి గురియయ్యెను. సంధి షరతులలో సోదరులిద్దరిని ఉద్యోగములనుండి తొలగింపవలెనని ఒకటి. రాజు జాగుచేసెను. అంతవరకు కొందరి అసూయగా నుండినది ఇపుడు భయముతో కలిసి, ఊరంతటి మనఃస్థితి యయ్యెను. భయపడినవారు కారణమును గాక, కారకుని వెదకుదురు. 1686 మార్చిలో గోలకొండ వీధిలో అక్కన్న మాదన్నలు హత్యచేయబడిరి. మాదన్న శిరస్సును మొగలులకు పంపిరి. దానితో శాంతి రాలేదు. 1687 సెప్టెంబరులో కోట పడిపోయెను.

కచేరిలోని కక్షల వల్లనే గోలకొండ కూలెననుట సరికాదు. ఔరంగజేబు దక్కను సంకల్పము వానికంటె పాతది, పెద్దది. కాని ఒకరి మీద ఒకరికి విశ్వాసము చెడిన కొలువు, ఆపద వచ్చినపుడు ఒక్కటిగా నిలువజాలదు. పైవాని విసుగును కనిపెట్టి ఎదిగిన మంత్రికి, ప్రక్కవారి బాధయే ప్రాణాంతకమయ్యెను. మనలో చాలమందిమి అధికారి ముఖము చూచి ఆనాటి వాతావరణము చెప్పగలము. ప్రక్కబల్లవాని ముఖము చూచి చెప్పగలమా?

మహేశ్వరము ప్రక్కనే 2008 లో క్రొత్త విమానాశ్రయము తెరువబడెను. 1983 లో ఆర్లీ హాక్‌షీల్డ్ అను అమెరికా విదుషి విమానములలో పరిచర్య చేయువారిని గురించి ఒక గ్రంథము ప్రకటించెను. చిరునవ్వు నవ్వుటయు వారి పనిలో భాగమేయని ఆమె చూపెను. భరతుడు చెప్పిన అవహిత్థకు ఇది నేటి రూపము.

రేడియోలో పనిచేయు మాకును ఇది తెలిసిన సంగతియే. సాత్త్వికభావములలో స్వరభేదమొకటి. ఇంటిలో దుఃఖమున్ననాడు కూడ ఎఱ్ఱదీపము వెలుగగానే గొంతు సవరించుకొని మాట్లాడుదుము. శ్రోతలు పోల్చుకొనరు. కాని ఒకనాడు వార్తలు చదివి బయటకు వచ్చినపుడు ఒక సహోద్యోగి నన్ను చూచి, “నేడు మీ గొంతు బాగులేదు, ఏమి జరిగినది?” అని అడిగెను. ఆ ఒక్క ప్రశ్నతో ఆనాటి బరువు సగము దిగెను.

సాయంకాలము మీ యింట ఉద్యోగమునుండి తిరిగివచ్చినవారు కారణము లేకనే విసుగుకొన్నచో, ఆ విసుగు ఎచ్చటనో బయలుదేరి ఇంతదూరము నడచివచ్చినదని తలంపుడు. కాఫీ ఇచ్చి, ఏమి జరిగినదో అడుగుడు. అట్లడుగువారు ప్రతి కచేరిలో ఒక్కరున్నను మేలు.