ఆసుపత్రికి డబ్బు ఎవరు కట్టారు?

మన తాత ముత్తాతలు కోరంగి రేవు నుండి ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు చేరిన కథ మన పిల్లలకు కొంత తెలుసు. వారికి జబ్బు చేస్తే ఎవరు చూసేవారు అన్నది మాత్రం మనం తక్కువగా చెప్పుకుంటాము. తోటలో ఆసుపత్రి ఉండాలని చట్టం ఉండేది. దాని ఖర్చు యజమానిది. ఖర్చు పెట్టేవాడు యజమాని కనుక, మంచం మీదున్న కూలీ మళ్ళీ ఎప్పుడు చెరకు నరకడానికి వెళతాడన్నదే అక్కడ మొదటి ప్రశ్న. పనికి రాని ఒక్క రోజుకు రెండు రోజుల కూలి కోసే ‘డబుల్ కట్’ కూడా ఆ కాలానిదే. 1872లో నియమించిన రాజ విచారణ సంఘం ఈ ఆసుపత్రుల లోపాలను కూడా ఎత్తి చూపింది.

మనలో కొన్ని కుటుంబాలు స్థిరపడిన ఈ బ్రిటన్‌లో పేదల వాడలకు వైద్యం ఎలా వచ్చింది? ఇక్కడ కూడా అసలు సంగతి డబ్బు ఎవరిదన్నదే. 1911 నాటి జాతీయ బీమా చట్టం పనిచేసే మనిషికి డాక్టరును ఇచ్చింది గాని, అతని భార్యాపిల్లలకు ఇవ్వలేదు.

దక్షిణ వేల్స్‌లో ట్రెడిగర్ అనే బొగ్గు గనుల ఊరు కలదు. 1890లో అక్కడి కార్మికులు వైద్య సహాయ సంఘం పెట్టుకున్నారు. చందా జీతంలో పౌనుకు మూడు పెన్నీలు. ఆ రోజుల్లో పౌనుకు 240 పెన్నీలు, అంటే ఎనభైలో ఒక వంతు. (బడిపంతులుకు లెక్క చెప్పనిదే తోచదు!) ఆ పెన్నీలతో డాక్టర్లను, దంత వైద్యుణ్ణి జీతానికి పెట్టుకున్నారు. ఇంటిల్లిపాదికీ వైద్యం దొరికింది. తోటలో డాక్టరుకు జీతమిచ్చేది యజమాని, ఇక్కడ ఇచ్చేది రోగి. ఆ ఊరి గని కార్మికుని కొడుకు అనైరిన్ బెవన్ ఆసుపత్రి కమిటీలో ఈ పద్ధతిని దగ్గరగా చూశాడు. ఆరోగ్య మంత్రి అయ్యాక 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవను ఆరంభించింది ఆయనే.

ఇక లండనులో ఫిన్స్‌బరీ. ఇరుకు ఇళ్ళు, చెమ్మ గోడలు, క్షయ రోగం. ఆ బరో కౌన్సిల్లో ప్రజారోగ్య కమిటీ అధ్యక్షుడు ఒక భారతీయుడని మనలో ఎందరికి తెలుసు? పంజాబు నుండి వచ్చిన డాక్టర్ చునీలాల్ కటియాల్ ఆయన. 1931లో గాంధీగారిని చార్లీ చాప్లిన్ కలుసుకున్నది కానింగ్ టౌనులో ఈయన ఇంట్లోనే. చెదిరిపోయి ఉన్న క్లినిక్కులన్నిటినీ ఒక్క కప్పు కిందికి తేవాలని కౌన్సిలు నిశ్చయించింది. బెర్తోల్డ్ లుబెట్కిన్, ఆయన బృందం పథకం గీశారు. 1938లో పైన్ స్ట్రీట్‌లో ఆరోగ్య కేంద్రం తెరిచారు. క్షయకు, పళ్ళకు, పాదాలకు, స్త్రీలకు వేరువేరు క్లినిక్కులు. ఎండ ఎరుగని పిల్లలకు కృత్రిమ సూర్యరశ్మి గది. నల్లులు పట్టిన పరుపులు, దుప్పట్లు శుద్ధి చేసే చోటు. ఇదంతా బరో వారి ఇంటి పన్నుల మీద నడిచింది. అదే ఏడు కటియాల్ గారు అక్కడ మేయరయ్యారు. దక్షిణాసియా వారిలో ఈ దేశంలో మేయరయిన మొదటివాడు ఆయనే.

యుద్ధకాలంలో ఏబ్రమ్ గేమ్స్ అనే చిత్రకారుడు ఈ కేంద్రాన్ని పోస్టరు మీద గీశాడు. దాని వెనుక పాడుబడ్డ గోడ, గోడ నీడలో జబ్బు పిల్లవాడు. చర్చిల్‌కు అది నచ్చక పోస్టరు ఆగిపోయింది. పేదరికాన్ని పోగొట్టడం కంటే బొమ్మను దాచడం సులువు గదా!

1948లో కటియాల్ గారు భారతదేశానికి తిరిగి వెళ్ళి కార్మిక రాజ్య బీమా సంస్థకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. కార్మికుడూ యజమానీ ఇద్దరూ చందా కట్టే పథకం అది. 1952లో కాన్పూరు, ఢిల్లీలలో మొదలైంది. ట్రెడిగర్ పెన్నీకి దూరపు చుట్టమే.

అందరికీ ఉచిత వైద్యం వచ్చాక ఇటువంటి కేంద్రాలు ఊరూరా వెలిసి ఉంటాయని అనుకుంటాము. అలా జరగలేదు. కుటుంబ చందాల మీద నడిచిన పెకమ్ కేంద్రం 1950లో మూతపడింది. ఆరోగ్య కేంద్రాలు కట్టాలని 1946 చట్టంలో రాశారు గాని చాలినంత డబ్బు ఇవ్వలేదు. కౌన్సిలుకు జీతగాళ్ళమవుతామని డాక్టర్లూ జంకారు. లండనులో వుడ్‌బెరీ డౌన్ కేంద్రం 1952లో గాని తెరవలేదు. 1971లో వేల్స్ గనుల ఊరి డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ లాన్సెట్ పత్రికలో ఒక తలకిందుల సూత్రాన్ని వివరించాడు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటనే అది తక్కువగా దొరుకుతుందని దాని సారం. ఫిన్స్‌బరీకి కూడా ఆ గతి పట్టబోయింది. ఈ శతాబ్దం తొలి దశాబ్దం చివర ఆ భవనాన్ని అమ్మాలని అధికారులు తలపెట్టారు. వాడవారు సంఘం కట్టి పోరాడి నిలుపుకున్నారు.

ఇక్కడి డాక్టర్లు వెళ్ళడానికి ఇష్టపడని గనుల ఊళ్ళలో, కార్ఖానా వాడల్లో ప్రాక్టీసు పెట్టినవారిలో భారత ఉపఖండం డాక్టర్లు ఎందరో. 1960, 70లలో మారిషస్ నుండి నర్సు శిక్షణకు వచ్చినవారిలో మన తెలుగు ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. తోట ఆసుపత్రిలో పడుకున్న కూలీల మునిమనుమలు, మునిమనుమరాళ్ళు వారు. ఇప్పుడు వారికి డెబ్బై, ఎనభై ఏళ్ళు. వారి శిక్షణ పత్రాలు, ఉత్తరాలు, ఫోటోలు మీ ఇంట ఉంటే మన పత్రికకు చూపండి. పత్రాలు లేకపోతే ఆ పెద్దల పక్కన కూర్చుని, వారు చెప్పినది తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాయండి.