మారుమనువు పాపమెప్పుడయింది?

చిలమకూరు, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పల్లెల దళిత క్రైస్తవుల చరిత్ర అనగానే మిషన్ బడి, మిషన్ ఆసుపత్రి గుర్తొస్తాయి. పెళ్లి గుర్తురాదు. కానీ మిషన్ మన ఇళ్లల్లోకి లోతుగా వచ్చింది పెళ్లి దారినే అని మేము భావిస్తున్నాము.

పెళ్లి మీద క్రైస్తవంలో ఎప్పుడూ ఒకే మాట లేదు. పౌలు పెళ్లి లేకుండా ఉండటమే మేలన్నాడు, నిలవలేనివాళ్లను పెళ్లాడమన్నాడు. అగస్టీను (354-430) కామాన్ని ఆదిపాపంతో ముడిపెట్టాడు. సన్యాసిగా ఉండిన లూథర్ 1525లో పెళ్లాడి, సంసారం కూడా దేవుని పనేనన్నాడు. 1822లో కడపకొచ్చిన లండన్ మిషనరీ సొసైటీ ఈ ప్రొటెస్టెంట్ సంసారాన్నే తెచ్చింది: ఒక మొగుడు, ఒక పెళ్లాం, చావుదాకా.

ఇందులో మనకు దక్కింది తక్కువేం కాదు. రాయలసీమలో దళిత ఆడపిల్లను దేవుడి పేరుతో బసివినిగా వదిలే ఆచారం ఉండేది. అట్లాంటి చోట ఆడపిల్ల పేరు పెళ్లికూతురుగా చర్చి రిజిస్టర్‌లో ఎక్కడం చిన్న సంగతా? 1872 క్రైస్తవ వివాహ చట్టం దేశీ క్రైస్తవుల్లో పిల్లకు 13, పిల్లోడికి 16 ఏళ్లు దాటాలంది. మొదటి పెళ్లాం బతికుండగా రెండో పెళ్లి కూడదంది.

మరి పోయిందేమిటి? మొగుడు తాగి తన్నితే కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకొని మారుమనువు పోయే దారి మన ఆడోళ్లకు ఉండేది. కులపెద్దలూ మగోళ్లే, తప్పులు కట్టించేవాళ్లే. అదేదో స్వర్గమని మేము అనడం లేదు. అయినా దారంటూ ఒకటి ఉండేది. చర్చి దాన్ని వ్యభిచారమంది. 1869 విడాకుల చట్టం ప్రకారం మగోడికి పెళ్లాం వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. ఆడదానికి అది చాలదు. దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో చూపాలి. జిల్లా కోర్టు ఇచ్చిన తీర్పును మళ్లీ హైకోర్టు ఖాయం చేయాలి. కూలికి పోయే తల్లి ఆ మెట్లన్నీ ఎక్కేదెట్లా? 2001 సవరణ దాకా, 132 ఏళ్లు ఇదే నడిచింది.

ఇంకో సంగతి చూడండి. 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కులాచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడింది. అంటే ఒకే గేరిలో, ఒకే కులంలో, హిందువుగా ఉన్న అక్కకు ఉన్న దారి బాప్తిస్మం తీసుకున్న చెల్లెలికి మూసుకుపోయింది.

మన అవ్వల మారుమనువును పాపమన్న కొలతలో బైబిలు పాలెంత, పైకులాల పరువు పాలెంత? ఇది తేలాలంటే చర్చి రిజిస్టర్లు ఒక్కటే చాలవు. వాటి పక్కన అవ్వల నోటిమాటను పెట్టి చదవాలి. ఆ మాటను రాసుకునే పని మనదే. అవ్వలు పోకముందే చేయాలి.