బేగం రొకియా సఖావత్ హుసేన్

బంగ్లాదేశ్‌లో ఏటా డిసెంబర్ 9న రొకియా దినం జరుపుతారు. మన ప్రాంతపు ముస్లిం కుటుంబాలలో ఆ పేరు ఎరిగినవారు తక్కువే. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడుకునే చోట ఆ మహాఇల్లాలి కథ తప్పక చెప్పుకోవాలని మా ఉద్దేశం.

ఆమె 1880లో రంగపూర్ జిల్లా పైరాబంద్ గ్రామంలో జమీందారుల ఇంట పుట్టారు. అయిదేళ్ళ నుంచే ఘోషా. పై ఆడవాళ్ళొచ్చినా దాక్కోవలసిందే! ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. బెంగాలీ అంటే చిన్నచూపు. అన్నగారు ఇబ్రహీం సాబెర్ రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక దీపం దగ్గర కూర్చోబెట్టి ఇంగ్లీషు నేర్పారు. అక్కగారు కరీమున్నిసా బెంగాలీ నేర్పారు. బడి గడప తొక్కింది లేదు.

భర్త సఖావత్ హుసేన్ గారు భాగల్పూరులో డిప్యూటీ మేజిస్ట్రేటు. వయసులో చాలా పెద్దవారే గాని విశాల హృదయులు. ఆయన ప్రోత్సాహంతోనే ఆమె రచనలు అచ్చయ్యాయి. ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే ఇంగ్లీషు కథ 1905లో మద్రాసు పత్రిక ‘ఇండియన్ లేడీస్ మేగజైన్’లో వచ్చింది. ఆ పత్రిక నడిపింది తెలుగింటి ఆడపడుచు కమలా సత్యనాథన్ గారు. ఆ కథలో మగవాళ్ళు ఘోషాలో ఉంటారు, ఆడవాళ్ళు రాజ్యం చేస్తారు! యుద్ధం ఎండతో గెలుస్తారు, పొలాలు కరెంటుతో దున్నుతారు. నవ్వు వచ్చే కథే, కాని నవ్వయ్యాక మనసులో ముల్లులా ఉండిపోతుంది.

1909లో భర్త పోయారు. పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. ఆడపిల్లల బడి కోసం ఆయన వదిలివెళ్ళిన పదివేల రూపాయలతో ఆ ఏడే అయిదుగురు పిల్లలతో భాగల్పూరులో బడి తెరిచారు. సవతి కూతురు కుటుంబంతో తగాదాలు వచ్చి ఊరు విడిచి, 1911లో కలకత్తా వలియుల్లా లేనులో ఎనిమిది మందితో మళ్ళీ మొదలుపెట్టారు. క్లాసు ఎలా నడపాలో తెలియక ఇతర బడులకు వెళ్ళి చూసి నేర్చుకున్నారట. బోధన ఉర్దూలోనే, ఎందుకంటే కలకత్తాలో కలిగిన ముస్లిం ఇళ్ళ భాష అది. తర్వాత బెంగాలీ శాఖ పెట్టారు గాని పిల్లలు చాలక మూతబడింది. ఉర్దూ మీడియం పంతుళ్ళమైన మాకు ఇది బాగా తెలిసిన బాధే. ఏ భాషైనా సరే, తల్లిదండ్రులు పిల్లను పంపితేనే కదా బడి!

ఇళ్ళకు తిరిగి పిల్లను ఇవ్వమని అడగడం ఒక ఎత్తయితే, బడి బండి మరొక ఎత్తు. ఘోషా కోసం బండిని నలువైపులా మూసేశారు, కొద్దిపాటి జాలీ మాత్రం ఉంచారు. గాలాడక పిల్లలు వాంతులు చేసుకున్నారు, మూర్ఛపోయారు. సరేనని పక్కలకు పరదాలు కట్టిస్తే, అవి గాలికి ఎగురుతున్నాయి, పత్రికలకెక్కిస్తామని బెదిరింపు ఉత్తరాలు! ఈ సంగతి ఆమె ‘అవరోధ్‌బాసిని’ పుస్తకంలో చివరగా రాశారు. 1931 నాటి ఆ పుస్తకంలో ఇలాంటి నిజ సంఘటనలు 47. మతాన్ని ఆమె నిందించలేదు. ఇస్లాం ఇచ్చిన హక్కులు ఆడవాళ్ళకు దక్కనివ్వడం లేదనే ఆమె వాదం. 1916లో అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-ఇస్లాం స్థాపించి పేద స్త్రీలకు, వితంతువులకు అండగా నిలిచారు.

1932 డిసెంబర్ 9న ఆమె కన్నుమూశారు. ముందురాత్రి దాకా స్త్రీల హక్కుల మీద వ్యాసం రాస్తూనే ఉన్నారు, అది పూర్తికాలేదు. కలకత్తా దగ్గర సోదేపూరులో ఖననం చేశారు. సఖావత్ మెమోరియల్ బడి తరువాత సర్కారు చేతికి వచ్చి, లార్డ్ సిన్హా రోడ్డులో నడుస్తున్నది.