రియాలిటీ షాక్ (నర్సింగ్)

నర్సింగ్ చదువు ముగించి ఆసుపత్రిలో తొలిసారి ఉద్యోగంలో చేరినవారికి, తాము నేర్చినదానికీ అక్కడ జరిగేదానికీ పొంతన కుదరక కలిగే కలవరాన్ని రియాలిటీ షాక్ అంటారు. అమెరికాకు చెందిన పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 1974లో వెలువరించిన గ్రంథం ద్వారా ఈ పేరు వ్యాప్తిలోకి వచ్చింది.

విద్యార్థి దశలో కొద్దిమంది రోగులను, అధ్యాపకుల పర్యవేక్షణలో, తీరికగా చూసుకొనే వీలుంటుంది. ఉద్యోగంలో ఒకే షిఫ్టులో అనేకమంది బాధ్యత మీద పడుతుంది. ఒకరికి మందు వేళ అయినప్పుడే మరొకరికి ఆయాసం రావచ్చు, కేస్‌షీటు రాయడం మిగిలిపోవచ్చు. ఏది ముందు చేయాలన్న వివేచన పాఠ్యపుస్తకం వలన అబ్బేది కాదు. కావున దీనిని కొత్త నర్సు అసమర్థతగా ఎంచడం సరికాదు.

==దశలు==
క్రేమర్ ఇందులో నాలుగు దశలను గుర్తించింది. మొదట అంతా ముచ్చటగా తోస్తుంది. తరువాతిది ఆఘాత దశ: కోపం, అలసట, తన మీద తనకే అపనమ్మకం. వృత్తిని వదలివేయాలన్న తలంపు బలపడేది ఇక్కడే. మూడవది కోలుకొనే దశ. పోయిన నవ్వు తిరిగి రావడం దీనికి గుర్తు. చివరిది సర్దుబాటు. అయితే ప్రతి సర్దుబాటూ మంచిది కాదు. కొందరు నేర్చిన విలువలనే విడిచిపెడతారు. కళాశాల ప్రమాణాలను, వార్డు అవసరాలను రెంటినీ నిలుపుకోగలగడమే క్రేమర్ దృష్టిలో మేలైన పరిష్కారం.

అనుభవం లేని విభాగానికి మారిన సీనియర్ నర్సు సైతం అక్కడ మళ్ళీ కొత్తవారితో సమానమేనని పాట్రీషియా బెన్నర్ 1984లో వివరించింది. ఈ కారణంగా అనేక ఆసుపత్రులలో కొత్తగా చేరినవారిని కొంతకాలం ఒక అనుభవజ్ఞురాలికి జతచేసి పని నేర్పిస్తారు.