బళ్లారి బళ్లలో రేపటి మాట

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక రాశాడు. జిల్లాలో బళ్లెన్ని, చదివే పిల్లలెందరు, ఏ భాషలో చదువుతున్నారు అని గవర్నరు థామస్ మన్రో అంతకుముందు ఏడాది అన్ని జిల్లాలనూ అడిగాడు. అందుకు బళ్లారి ఇచ్చిన జవాబు అది. 9,27,857 మంది జనం, 533 బళ్లు, 6,641 మంది విద్యార్థులు. కన్నడం నేర్పే బళ్లు 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారశీకానివి 21, తమిళానివి 4. బ్రాహ్మణులు శాస్త్రాలు చదువుకునే చోట్లు మరో 23. ఇంగ్లీషు నేర్పేది ఒకే ఒక్క బడి.

ఆనాటి బళ్లారి ఇప్పటికంటే చాలా పెద్దది. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన సీమను 1808లో కడప, బళ్లారి అని రెండుగా విడగొట్టారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం బళ్లారిలోనే ఉండేవి. అనంతపురం 1882 దాకా విడిపోలేదు. తెలుగు బళ్లూ కన్నడ బళ్లూ దాదాపు సమానంగా ఉండటానికి ఈ తెలుగు ప్రాంతాలు కలిసి ఉండటమే కారణం.

ఇలాంటి లెక్కలు మిగతా కలెక్టర్లూ పంపారు. బళ్లారి నివేదిక మాత్రం బడి లోపలికి తొంగిచూసింది. ఉదయం ఆరింటికి అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపై వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి ఎక్కువ. రాతకు చెక్క పలక గానీ, గంజి పెట్టి మడతలు వేసి బొగ్గు, జిగురు పూసిన గుడ్డ కడితం గానీ వాడతారు. బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేస్తారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే పద్ధతిని క్యాంబెల్ మనసారా మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం న్యాయమేనన్నాడు.

అతన్ని కలవరపెట్టిన విషయం మరొకటి. పిల్లలు చదివే పుస్తకాలన్నీ పద్యాల్లో ఉన్నాయి. ఇంట్లో, సంతలో, కచేరీలో వాడే భాషకూ ఆ పద్యాల భాషకూ పొంతన లేదు. పిల్లలు అక్షరం తప్పకుండా చదువుతారు గానీ అర్థం తెలియదు, చెప్పగల అయ్యవార్లూ తక్కువే. ఈ మాట అనడానికి క్యాంబెల్‌కు అర్హత ఉంది. 1812లో మొదలైన ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పాలకమండలికి కార్యదర్శిగా ఉంటూ 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు, 1821లో నిఘంటువు తెచ్చినవాడు అతనే. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వాటిది వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించిన ప్రసిద్ధ పీఠిక ఆ వ్యాకరణం ముందే అచ్చయింది. బందరు పండితుడు మామిడి వెంకయ్య ఆంధ్రదీపికను ఎల్లిస్ అందులో ఆధారంగా చూపాడు. బళ్లారి బళ్లలో ఉన్న పుస్తకాల జాబితాలోనూ ఆంధ్రదీపిక పేరు కనిపిస్తుంది.

పుస్తకం భాషకూ నోటి భాషకూ మధ్య ఉన్న దూరం బాగా బయటపడేది రేపటి సంగతి చెప్పేటప్పుడు. వ్యాకరణం ప్రకారం ‘చేసెదను’ భవిష్యత్తు, ‘చేయుదును’ తద్ధర్మం, అంటే అలవాటును, స్వభావాన్ని చెప్పేది. నోటి భాష ఈ రెంటినీ ఒక్కటి చేసేసింది. ‘రేపొస్తా’ అన్నా ‘రోజూ వస్తా’ అన్నా క్రియ అదే. పక్కింటి కన్నడమూ అంతే: ‘నాళె బర్తీని’, ‘దినా బర్తీని’. కాలం తేల్చేది ‘రేపు’, ‘నాళె’ అనే మాటలే. సరిహద్దు పిల్లవాడికి రెండు భాషలొచ్చినా రేపటి కోసం ప్రత్యేకంగా ఒక క్రియారూపం వెతుక్కునే పని ఎన్నడూ పడలేదు.

అలాంటి పిల్లవాడి ముందుకు ఇంగ్లీషు వచ్చింది. లండన్ మిషనరీ సొసైటీ మనిషి జాన్ హ్యాండ్స్ 1810లోనే బళ్లారి చేరాడు. వార్డ్‌లా అనే పేరుతో 1846లో మొదలైన మిషన్ బడి తర్వాత కాలేజీ అయింది. ఆ కాలపు ఇంగ్లీషు చదువులకు పెద్దదిక్కు 1795 నాటి లిండ్లీ మర్రే వ్యాకరణం. భవిష్యత్తుకు అందులో రెండు సహాయక్రియలు: షల్, విల్. ‘నేను’, ‘మేము’ పక్కన షల్ వస్తే జరగబోయేది చెప్పడం, విల్ వస్తే పట్టుదల లేదా మాట ఇవ్వడం. ‘నువ్వు’, ‘వాడు’ పక్కన ఇది తలకిందులవుతుంది. సర్వనామం మారితే అర్థమే తిరగబడే ఈ సూత్రాన్ని 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో పెట్టాడు. స్కాట్లండు, ఐర్లండు వాళ్లే దాన్ని సరిగా పాటించరని ఇంగ్లండు వ్యాకర్తలు ఈసడించేవారు. బళ్ల లెక్కలు అడిగిన గవర్నరు మన్రో కూడా పుట్టింది స్కాట్లండులోని గ్లాస్గోలోనే. దక్షిణ ఇంగ్లండులో పుట్టనివాళ్లకు ఈ సూత్రం పట్టుబడటం కష్టమని ఇంగ్లీషు వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ సోదరులు 1906లో ఒప్పుకున్నారు కూడా. పాలించేవాళ్లలోనే చాలామందికి రాని సూత్రం బళ్లారిలో పిల్లలకు కంఠపాఠమైంది.

తర్వాత విభక్తులు. ‘నీకిస్తా’ అని తెలుగువాడు ఒక్క మాటలో తేల్చేది ఇంగ్లీషులో ఆరు మాటలు: ‘ఐ షల్ గివ్ ఇట్ టు యు’. ‘నేను’ అన్న సంగతి తెలుగు క్రియ చివరే ఉంటుంది, ‘టు’ చేసే పని ‘కు’ చేస్తుంది, ‘ఇట్’ అవసరమే లేదు. తెలుగులో పేరు తర్వాత అంటుకునేది ఇంగ్లీషులో పేరుకు ముందు నిలబడుతుంది. అలాగని అంతా కొత్తేమీ కాదు. ‘నేను’ అన్నది ‘కు’ చేరితే ‘నాకు’ అయినట్టే, ‘ఐ’ అన్నది ‘టు’ తర్వాత ‘మి’ అవుతుంది. ‘పదింటికల్లా వస్తా’, ‘పదింటిదాకా ఉంటా’ అన్న తేడా తెలిసిన పిల్లవాడికి ‘బై’, ‘టిల్’ విడమరిచి చెప్పడం నిమిషం పని. రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూపితే చాలు. కానీ ప్రిపొజిషన్లను పట్టికగా వల్లె వేయించడమే ఎక్కువ జరిగింది. క్యాంబెల్ వేలెత్తి చూపిన అర్థం లేని వల్లెవేత పద్యాలతో పోలేదు, ఇంగ్లీషు వ్యాకరణం మీదికి మళ్లింది. ఈ నష్టం గురించి చదువుల చరిత్రలు చెప్పాల్సినంత చెప్పలేదు.

అయినా ఆ ఊరు ఇంగ్లీషును సొంతం చేసుకుంది. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇద్దరూ బళ్లారి వకీళ్లే. కోలాచలం 1908లో ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులోనే రాశాడు. ధర్మవరం మేనల్లుడు బళ్లారి రాఘవ షేక్‌స్పియర్ పాత్రలు వేసి మెప్పించాడు. వీళ్ల ఇంగ్లీషు పట్టికల దగ్గరే ఆగిపోలేదు, కోర్టుకూ రంగస్థలానికీ చేరింది.

కోర్టు కాగితాల్లో తెలుగుకూ తనదైన భవిష్యత్తు ఉంది. ప్రామిసరీ నోటులో అప్పు తీసుకున్నవాడు ‘మీకు గాని, మీ ఆర్డరు పొందినవారికి గాని చెల్లించగలవాడను’ అని రాసి ఇస్తాడు. ‘గల’ అంటే శక్తి ఉండటం, కానీ ఇక్కడది మాట ఇవ్వడం. చివరి ‘ను’ సంతకం పెట్టేవాడిని పట్టిస్తుంది. ఇంగ్లీషు షల్ కూడా మొదట బాకీపడటాన్ని చెప్పిన మాటే, విల్ కోరుకోవడాన్ని.

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరులో కలిసింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. ఈలోగా ఇంగ్లీషే మారింది. మామూలు మాటల్లో అన్ని సర్వనామాలకూ విల్ ఒక్కటే సరిపోతోంది. షల్ చట్టాల్లోనూ, ‘షల్ వి గో?’, ‘షల్ ఐ కమ్?’ లాంటి ప్రశ్నల్లోనూ మిగిలింది. ఆ ప్రశ్నలకు తెలుగులో ‘పోదామా?’, ‘రానా?’ అన్న రూపాలు ముందునుంచీ ఉన్నాయి, బళ్లారి పిల్లలు వాటిని బడికి రాకముందే నేర్చుకుంటారు.