ఒకే వర్గం, వేర్వేరు పేర్లు: రెండు భాషల వెబ్‌సైట్‌లో కేటగిరీలు సర్దుకోవడం ఎలా?

న్యూజిలాండ్‌లో తెలుగు సంఘానికైనా, వారాంతపు తెలుగు బడికైనా వెబ్‌సైట్ పెడితే రెండు భాషల్లో పెట్టక తప్పదు. అమ్మమ్మలు, తాతయ్యలు తెలుగులో చదువుతారు, పిల్లలు ఇంగ్లీషులో వెతుకుతారు. కథలు, వంటలు అనువదించడానికి చాలామంది ముందుకొస్తారు. చిక్కంతా వాటిని సర్దిపెట్టే కేటగిరీల దగ్గరే వస్తుంది. అది కుదరకపోతే పేజీ ఉండి కూడా లేనట్టే. అమ్మమ్మ రాసిచ్చిన ఆవకాయ కొలతలు మనవరాలి కంట పడవు. మా ఊరి తెలుగు బడికి ఈ పని చూస్తున్నాను కాబట్టి, పనికొచ్చే విషయాలు ఒకచోట రాస్తున్నాను.

పేరు వేరు, గుర్తు వేరు

వంకాయను ఇక్కడ ఎగ్‌ప్లాంట్ అంటారు, ఇండియాలో బ్రింజాల్ అంటారు, బ్రిటన్‌లో ఓబర్జీన్ అంటారు. బోటనీలో మాత్రం ఒక్కటే పేరు, సొలానమ్ మెలాంజినా. అలాగే చిలగడదుంప, గెనుసుగడ్డ, మావోరీ వాళ్ళ కూమరా, అన్నీ ఐపోమియా బటాటాస్ అనే ఒకే మొక్క. కేటగిరీకి కూడా ఇలాంటి మారని గుర్తు ఒకటి కావాలి. దానికి ఏ భాష పేరు ఆ భాషలో తగిలించాలి.

వికీపీడియా వాళ్ళు చేసిందీ ఇదే. ఒకప్పుడు ఒక్కో భాష పేజీలో మిగతా భాషల లింకులన్నీ విడివిడిగా రాసుకునేవారు. 2012 అక్టోబరులో వికీడేటా మొదలయ్యాక ఒక్కో విషయానికి ఒక్కో సంఖ్య వచ్చింది. తెలుగు భాషకు క్యూ8097. పేర్లన్నీ ఆ సంఖ్య కిందే ఉంటాయి. వర్గాల పేజీలకూ ఇదే పద్ధతి.

వర్డ్‌ప్రెస్‌లో పాలీలాంగ్, డబ్ల్యూపీఎమ్‌ఎల్ లాంటి ప్లగిన్లు ఈ పని చేస్తాయి. తెలుగులో ఒక కేటగిరీ, ఇంగ్లీషులో ఒక కేటగిరీ పెట్టి, రెండూ ఒకదానికొకటి అనువాదమని జత చేయాలి. ఆ జత చేయకపోతే ‘వంటలు’, ‘రెసిపీస్’ సైట్ దృష్టిలో సంబంధం లేని రెండు కేటగిరీలు. అప్పుడు భాష మార్చే బటన్ నొక్కినా సరైన చోటికి వెళ్ళలేం.

మాటకు మాట దొరకనప్పుడు

ఇంగ్లీషులో ‘పికిల్’ ఒక్కటే. మనకు ఊరగాయ వేరు, రోటి పచ్చడి వేరు. తెలంగాణలో తొక్కు అంటారు. రోటి పచ్చడిని ‘పికిల్స్’లో వేస్తే పిల్లలు ఫ్రిజ్‌లో నెలల తరబడి దాచుకునే వస్తువనుకుంటారు. దాన్ని ‘చట్నీస్’లో వేయడం నయం.

చుట్టరికాలు ఇంకా చిత్రం. ఇంగ్లీషు ‘బ్రదర్’కు మనకు అన్న, తమ్ముడు ఉన్నారు. మావోరీలో లెక్క మరోలా ఉంటుంది. అబ్బాయికి అన్న టువాకన, తమ్ముడు టెయినా. అమ్మాయికి మాత్రం అన్నయినా తమ్ముడైనా టుంగానె. ఆ అమ్మాయి తన అక్కను కూడా టువాకన అనే అంటుంది. మూడు భాషలూ ఒకే కుటుంబాన్ని మూడు రకాలుగా విడదీస్తాయి. ఇలాంటి చోట ఒకదానికొకటి జత కట్టాలని పట్టుబట్టకూడదు. పైన ‘కుటుంబం’ అనే పెద్ద వర్గాన్ని జత చేసి, కింది చిన్న వర్గాలను ఏ భాషవి ఆ భాషకు వదిలేయాలి.

ఇందుకు మంచి ఉదాహరణ మన ఎదుటే ఉంది. ఇక్కడి నేషనల్ లైబ్రరీ, లైబ్రేరియన్ల సంఘాలు కలిసి 2006లో ‘ఙా ఉపోకో టుకుటుకు’ పేరుతో మావోరీ విషయ శీర్షికల పట్టిక తెచ్చాయి. ఇంగ్లీషు శీర్షికలను ఉన్నవున్నట్టు మావోరీలోకి మార్చలేదు, మావోరీ వాళ్ళు లోకాన్ని చూసే తీరులో అల్లారు. వాళ్ళ సంప్రదాయంలో అడవి, పక్షులు తానె అధీనంలో ఉంటాయి. సముద్రం, చేపలు తంగరోవ అధీనంలో ఉంటాయి. ఆ దృష్టితో వెతికేవారికి ఇంగ్లీషు వరుస చాలదు. మన తెలుగు వర్గాలను కూడా ముందు తెలుగులోనే ఆలోచించి పెట్టుకోవాలి.

ఇక్కడ ప్రత్యేకంగా చూసుకోవలసినవి

భాష కోడ్: తెలుగుకు అంతర్జాతీయ కోడ్ ‘టీ, ఈ’ అనే రెండక్షరాలు. మావోరీలో అవే అక్షరాలతో రాసే ‘టె’ అనే మాట చాలా సంస్థల పేర్లలో కనిపిస్తుంది. అందుకని అది మావోరీ కోడ్ అనుకునేవారున్నారు. మావోరీ కోడ్ ‘ఎమ్, ఐ’. సైట్ చేసిపెట్టేవారికి ఈ తేడా ముందే చెప్పండి. బటన్ మీద కోడ్ కాకుండా ‘తెలుగు’ అని రాయించండి.

లింకులో వచ్చే పేరు: తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, ఒక్కొక్కటీ వెబ్ చిరునామాలో తొమ్మిది గుర్తులుగా మారుతుంది. ‘ఊరగాయలు’ అనే చిన్న మాటే 63 గుర్తులవుతుంది. వర్డ్‌ప్రెస్ 200 వరకే ఒప్పుకుంటుంది. అందుకని పేరు తెలుగులో ఉంచి, లింకు మాత్రం చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోవడం మేలు.

రుతువులు: ఇక్కడ ఉగాది శరదృతువులో వస్తుంది, సంక్రాంతి నడివేసవి బడి సెలవుల్లో వస్తుంది. ‘వసంతకాలం పండుగలు’, ‘చలికాలం వంటలు’ అని వర్గాలు పెడితే పిల్లలు తికమకపడతారు. పండుగ పేరుతోనో, తెలుగు నెల పేరుతోనో పెట్టండి.

మొదలుపెట్టే వరుస

1. ముందు కాగితం మీద మూడు గడులు గీయండి: మారని గుర్తు, తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు.
2. పది, పన్నెండు వర్గాలతో మొదలుపెట్టండి. ఒక్క పేజీ కోసం కొత్త వర్గం పెట్టకండి.
3. సరిపోయే మాట లేని గడిని ఖాళీగా వదలండి. ఆ పేజీలను పై వర్గంలో చేర్చండి.
4. గెనుసుగడ్డ, తొక్కు వంటి ప్రాంతీయ పేర్లను కొత్త వర్గాలు చేయకుండా, పేజీలోనే రాయండి. వెతికితే దొరుకుతాయి.
5. పేరు మార్చాల్సి వస్తే పేరే మార్చండి, లింకును కదపకండి. మార్చితే పాత లింకులు తెగిపోయే ప్రమాదం ఉంది.

చివరగా ఒక పెద్దావిడనూ, పదేళ్ళ పిల్లవాడినీ కూర్చోబెట్టి అవే ఐదు పేజీలు వెతకమనండి. ఎవరి భాషలో వారికి ఐదూ దొరికితే పట్టిక కుదిరినట్టే. దొరకని పేజీ ఏ వర్గంలో ఉందో చూసి, అక్కడి నుంచి సరిచేసుకుంటూ రండి.